మొదటి తలను ఎంచరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఏ తరగతి ఇచ్చారమ్మా అని అడిగితే, "మూడో క్లాసు మేడమ్" అని మొహం చిన్నబుచ్చుకుని చెప్తారు. మూడో తరగతి లెక్కల్లో ఏముంటుందని వాళ్ళ బాధ. ఎక్కాలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు, శేషం మిగిలే భాగహారాలు, గడియారంలో చిన్నముల్లు, పెద్దముల్లు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎక్కువగా ఇవే చెప్పాను. నా నోరు మంచిది కాదని మదనపల్లెలో నా దగ్గర చదివిన వాళ్ళెవరినడిగినా చెప్తారు గానీ, లెక్క తప్పు చెప్తానని మాత్రం ఎవరూ అనరు. అలాంటి నాకు ఒక్క లెక్క ఇప్పటికీ తేలలేదు. నిజానికి అది మూడో తరగతి లెక్క కూడా కాదు, ఒకటో తరగతిది. ఎదురుగా ఉన్న తలలు ఎంచడం.

డెబ్బైల నడిమి మాట. ట్రైనింగ్ మదనపల్లెలోనే అయింది. మొదటి పోస్టింగు మాత్రం కుప్పం అవతల పడేశారు. మదనపల్లె నుంచి పుంగనూరు, అక్కడి నుంచి పలమనేరు, మళ్ళీ బస్సు మారి కుప్పం, ఆపైన గుడుపల్లె దాకా ఏది దొరికితే అది, చివరికి కాళ్ళే గతి. నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా నాయన కూడా వచ్చాడు. ఊరు చూశాడు. రాగిచేలు, శెనక్కాయ చేలు, వాటి నడుమ ఎవరో కోపంగా విసిరేసినట్టు బండరాళ్ళ గుట్టలు. "ఒక యాడాది ఓర్చుకో తల్లీ" అని, నీళ్ళు తాగి, సాయంత్రం బస్సు పోతుందని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ కొత్త ఊర్లో మొదటిరోజే ఏడ్చే టీచరుకు ఎవరు భయపడతారని దిగమింగుకున్నాను.

బడిలో మేమిద్దరమే. హెడ్మాస్టరుగారిది పుంగనూరు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, నస్యం డబ్బీ లేకుండా పాఠం మొదలుపెట్టేవారు కాదు. పై రెండు తరగతులు ఆయనవి, కింది మూడూ నావి. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్ళం కాబట్టి, బడి పిల్లల వెంట ఇంట్లో ఉన్న బుడ్డోళ్ళూ వచ్చేవాళ్ళు. వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉండవు. ఎవరూ వెళ్ళగొట్టేవాళ్ళు కాదు.

ఊర్లో సగం ఇళ్ళు సేద్యం చేసేవాళ్ళవి, సగం గొర్రెలు కాచేవాళ్ళవి. గొర్రెలవాళ్ళ పిల్లలు లెక్కల్లో చురుకు. పలక మీద ఏ తీసివేత ఇచ్చినా చకచకా చేసి చూపించేవాళ్ళు. అదే చింతగింజలు ముందు పోసి ఎంచమంటే మాత్రం ప్రతిసారీ ఒకటి తక్కువ చెప్పేవాళ్ళు. పది పోస్తే తొమ్మిది. పన్నెండు పోస్తే పదకొండు. మొదట నా బుర్ర తిరిగిపోయింది. తర్వాత గమనిస్తే తెలిసింది. ఎంచడం మొదలుపెట్టే ముందు వాళ్ళ వేలు ఒక గింజను మెల్లగా పక్కకు తోసి చాప కిందికి పంపేది. తోసేటప్పుడు దానివంక చూసేవాళ్ళు కూడా కాదు. బడి వదిలాక చాపలు ఎత్తితే, ఒక్కొక్కరు కూర్చున్న చోట ఒక్కొక్క గింజ ఉండేది. ఖాళీ గదిలో, వరసగా, పిల్లలు కూర్చున్నట్టే. ఆ సాయంత్రం వాటిని చీపురుతో ఊడ్చడానికి నాకెందుకో చేయి రాలేదు.

హెడ్మాస్టరుగారిని అడిగాను.

"ఆ ఊసు నీకెందుకు తల్లీ" అన్నారు. "వడ్లు కొలిచేటప్పుడు మనిండ్లల్లో ఒకటి అనకుండా లాభం అంటాం గదా. అది మనకు తప్పనిపించిందా? వాళ్ళకీ ఏదో ఉంటాది."

"అది మాట మార్చడం సార్. ఇది లెక్కే తప్పించడం."

"సరే, గింజల్తో నీ ఇష్టం. తలలు మాత్రం ఎంచమనొద్దు. నేనీడికొచ్చి ఇన్నేండ్లయ్యింది, ఎప్పుడన్నా తలలెంచినానా? పేర్లే పిలుస్తా."

ఆయన మంచిమనిషే గానీ, భయస్తుడని అప్పుడు నేను తీర్మానించేసుకున్నాను. కొత్త కత్తికి పదునెక్కువ. నేను నిజంగానే ఆ పిల్లలకు మంచి చేస్తున్నాననుకున్నాను.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది, గొర్రెలవాళ్ళమ్మాయి. క్లాసంతటికీ తెలివైనది. దాని చెల్లెలికి నాలుగేళ్ళుంటాయేమో, అక్క పావడా అంచు పట్టుకుని కూర్చునేది, ఒక్క నిమిషం వదిలేది కాదు. ఆ పెద్దపిల్లను నిలబెట్టి, చాప కింది గింజ తీయించి, "ఇది గింజ కాదా? దీన్నెందుకు దాచావు?" అని క్లాసులో కసిరాను. మర్నాడు వాళ్ళ నాయన వచ్చాడు. భుజాన కంబళి, చేతిలో కట్టె. లోపలికి రమ్మన్నా రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"మందలో మొదటిది లెక్కలోకి రాదు మ్మా" అన్నాడు. "దొడ్లోకి తోలేటప్పుడు ముందు ముసలి గొర్రె పోతాది. దాన్నెంచం. అది గంగమ్మది. దాని యెనకాలది ఒకటి."

"అన్నీ ఎంచితే ఏమవుతుందప్పా?"

"అన్నీ మనమే ఎంచేసుకుంటే ఆయమ్మకు యేముండాది? తనకు కావల్సింది తానే యేరుకుంటాది."

"సరే, ఒకదాన్ని వదిలిపెట్టారు. అది పోతేనో?"

"పోతే యెతకం. అది మనది అనుకుంటే గదా యెతికేది." కట్టె చేయి మార్చుకుని, "పిల్లోళ్ళ తలలు మాత్రం ఎంచొద్దు మ్మా. గొర్రెల్లో ముసలిది ఉండాది ఇడిసిపెట్టడానికి. పిల్లోళ్ళలో యెవుర్ని ఇడిసిపెట్టేది?" అన్నాడు.

దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను నవ్వుకున్నాను. ఇన్స్పెక్టరు వస్తాడని కబురుంది. ఇన్స్పెక్టరు ముందు పిల్లలు గింజలు దాచుకుంటే నా పరువేం గావాలి? రోజూ కూర్చోబెట్టి ఎంచించాను. చాపలు తీయించేశాను. మెల్లగా దారికొచ్చారు. ఆ పెద్దపిల్ల అయితే పోసినవన్నీ ఎంచేది. మొదటి గింజ ముట్టుకునేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకునేది. మూసుకుంటే మూసుకుందిలే, లెక్క సరిగ్గా వస్తోంది కదా అనుకున్నాను.

దసరా సెలవులయ్యాక సీతాఫలాలు పండాయి. గుట్ట మీద అవి విరగకాసేవి. పండు కడుపుకి, గింజలు లెక్కలకి అని పిల్లలను తీసుకుని బయల్దేరాను. నల్లగా నున్నగా ఉండే ఆ గింజలు పదేసి మూటలు కట్టిస్తే పదులు, వందలు నేర్పడానికి బాగుంటాయి. హెడ్మాస్టరుగారు, "పండ్లకు ఎలుగుబంట్లొస్తాయి, ఎండ దిగకముందే దిగిపోండి" అని మాత్రం అన్నారు. బుడ్డోళ్ళూ వెంటపడ్డారు, వద్దన్నా వినలేదు.

గుట్ట మీదికి పోయే దారిలో రెండు పెద్ద బండల మధ్య ఒక సందు ఉంది. ఒకరి వెనక ఒకరు దూరాల్సిందే. తలలు ఎంచడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. హెడ్మాస్టరుగారి మాట, ఆ పిల్ల తండ్రి మాట రెండూ గుర్తున్నాయి. గుర్తున్నాయి కాబట్టే మొండికేశాను. పెద్దపిల్లను సందు దగ్గర నిలబెట్టి, అందరినీ ఎంచు అన్నాను. అది నావంక చూసింది. నేను వెనక్కి పోయి, రాళ్ళెక్కలేని బుడ్డోళ్ళను చేయి పట్టి పంపిస్తూ వచ్చాను. అందరూ దాటాక, "ఎంతమందే?" అన్నాను.

"ఇరవైనాలుగు మ్మా, నన్ను గూడా కలుపుకోని."

శెభాష్ అని వీపు తట్టాను. ఆ వీపు చెమటతో తడిసి ఉంది.

పైన పిల్లలు పండ్లు తిన్నారు, గింజలు మూటలు కట్టారు, కేకలేశారు. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మంచు దిగింది. ఆ వైపు గుట్టల మీద వానాకాలం చివర్లో అట్లాగే దిగుతుంది, చెప్పాపెట్టకుండా. వెంటనే సన్నగా తుంపర. పిల్లలు తెచ్చుకున్న గోనెపట్టలు నెత్తిన కప్పుకున్నారు. అట్లా ముసుగుల్లా కొప్పెరలు పెట్టుకున్నాక ఎవరు ఎవరో తెలియదు, పొడవు పొట్టి తప్ప. నాకు ఎలుగుబంట్లు గుర్తొచ్చాయి. అందరినీ తోలుకుని సందు దగ్గరికి వచ్చాను. ఈసారి నేనే నిలబడి, ఒక్కొక్క గోనెపట్ట మీద చేయి వేసి ఎంచాను. ఇరవైనాలుగు.

"సరిపోయింది, పదండి" అన్నాను.

దిగేటప్పుడు ఒక్కరూ మాట్లాడలేదు. ఎక్కేటప్పుడు పిచ్చుకల్లా అరిచిన పిల్లలు, ఇప్పుడు కాళ్ళకింద రాళ్ళు జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్దపిల్ల మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే, "ముందు చూసి నడువ్, పడతావు" అని గద్దించాను. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. ఎనిమిదో ఎక్కం అందుకోమన్నాను. అందుకున్నారు. "ఎనిమిది రెళ్ళు పదహారు" అని మొదలుపెట్టారు, అందరూ ఒకే గొంతుతో. ఎనిమిది ఒకట్ల అనలేదు. తప్పు, మళ్ళీ మొదటినుంచి చెప్పండి అన్నాను. మళ్ళీ "ఎనిమిది రెళ్ళు పదహారు" అనే మొదలైంది. మంచులో వాళ్ళ మొహాలు కనిపించడం లేదు. మూడోసారి చెప్పించడానికి నాకు ధైర్యం చాలలేదు.

బడికొచ్చాక అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. పెద్దపిల్ల మాత్రం వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఇంటికి పోవేమే?"

"యెట్ల పోయేది మ్మా, చెల్లెలు లేకుండా?"

"చెల్లెలు ఏదీ?"

"గుట్టమింద ఉండాది."

దాన్ని భుజాలు పట్టి కుదిపాను. "మరి చెప్పలేదేమే? అక్కడే చెప్పాలి కదా!"

"లెక్క సరిపోయిందంటివి గదా మ్మా" అంది.

కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్క మాటే చెప్పింది. పొద్దున సందు దగ్గర చెల్లెల్ని ముందుగా దూర్చేసింది. దాని వెనకవాడి దగ్గర ఒకటి అని మొదలుపెట్టింది. కాబట్టి ఎక్కింది ఇరవైఐదు మంది. మంచు దిగినప్పుడు చెల్లెలు దాని పావడా వదిలి ఎటో పోయింది. నేను దిగేటప్పుడు ఎవర్నీ వదలకుండా ఎంచాను, కాబట్టి దిగింది ఇరవైనాలుగే. దాని లెక్క దాని పద్ధతిలో సరైనది, నా లెక్క నా పద్ధతిలో సరైనది. ఇద్దరి లెక్కా ఒక్కటైన చోట ఒక బిడ్డ మిగిలిపోయింది.

"నీ చెల్లెల్నే ఎందుకు వదిలావే? అంత ప్రాణం కదా నీకు?"

అప్పుడు ఏడ్చింది. "అందర్నీ ఎంచితే ఆయమ్మ యెవుర్నో ఒకర్ని యేరుకుంటాది గదా మ్మా. ఒకర్నన్నా ఇడిసిపెట్టల్ల. ఇంకొకరి బిడ్డను యెట్ల ఇడిసిపెట్టేది? మాది గాబట్టి ఇడిసిపెట్టినా. పోయినోళ్ళను అడగగూడదు మ్మా."

ఎనిమిదేళ్ళ పిల్ల. నేను పెట్టిన పరీక్షలో అది వేసుకున్న లెక్క అది.

హెడ్మాస్టరుగారు చెప్పులు కూడా తొడుక్కోకుండా బయల్దేరారు. ఇద్దరం పెద్దపిల్లను తీసుకుని వాళ్ళింటికి పోతే, విషయం అప్పటికే తెలిసినట్టుంది. తల్లి గడపలో కూర్చుని ఉంది, ఏడవడం లేదు. తండ్రి నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. నేలవంక చూస్తూ, "యెతకగూడదు" అన్నాడు. హెడ్మాస్టరుగారు ఆయన చేయి పట్టుకున్నారు. "అది గొర్రె కాదప్పా, బిడ్డ" అన్నారు. అప్పుడు లేచి దొడ్లోకి పోయి, మెడలో గంట ఉన్న ముసలి గొర్రెను విప్పుకుని వచ్చాడు. ఎవరూ ఎంచని గొర్రె అదే.

ఇంకా వెలుతురుంది, కానీ మంచులో అది బూడిదలా ఉంది. ముందు గొర్రె, వెనక తండ్రి, ఆయన తమ్ముడు, హెడ్మాస్టరుగారు, నేను. గుట్ట మొదట్లోనే నేను ఆ పిల్లను పేరు పెట్టి పిలవబోయాను. తండ్రి చేయి అడ్డంపెట్టాడు. "పిలవొద్దు మ్మా. గంట ఇంటే అదే వస్తాది." పిలవకుండా ఒక పిల్లను వెతకడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. గంట చప్పుడు, ఆగితే మా ఊపిరి, అంతే.

సందు దగ్గరికి వచ్చాక గొర్రె దూరనని మొరాయించింది. పక్కకు తిరిగి, బండ కిందుగా పోయింది. అక్కడ మనిషి కూర్చునేంత గూడులాంటి చోటు ఉంది. అందులో పిల్ల గోనెపట్ట కప్పుకుని కూర్చుని ఉంది. నిక్షేపంగా ఉంది. ఏడ్చిన జాడ కూడా లేదు. దాని ముందు సీతాఫలం గింజలు చిన్న చిన్న కుప్పలుగా పెట్టి ఉన్నాయి, వరసగా, గూడు లోపలి చీకటి దాకా. ప్రతి కుప్పా సమానంగా ఉంది. మూడో తరగతి భాగహారం మేం అట్లాగే నేర్పిస్తాం, ఇంతమందికి ఇన్నిన్ని అని.

"ఎవరికే ఇవన్నీ?" అని వంగి అడిగాను.

"వీళ్ళకి" అంది, లోపలివైపు చూపించి. "శానామంది ఉండారు. వీళ్ళను యెవురూ ఎంచలేదంట. అందరికీ సరిపోయింది, ఒగటి గూడా మిగల్లేదు."

తండ్రి ఆ కుప్పలవంక చూడకుండా పిల్లను ఎత్తి కంబళిలో చుట్టేశాడు. కుప్పలు ఎన్ని ఉన్నాయో ఎంచడానికి నా కళ్ళు వాటంతటవే బయల్దేరాయి. లెక్కల టీచరు కళ్ళు, ఊరుకోవు. గట్టిగా మూసుకున్నాను. హెడ్మాస్టరుగారు నా మోచేయి పట్టుకుని వెనక్కి తిప్పారు. దిగేదాకా ఆయన నస్యం డబ్బీ తీయలేదు.

పిల్లకు జ్వరం వచ్చి తగ్గింది. మళ్ళీ బడికొచ్చి అక్క పావడా పట్టుకుని కూర్చుంది. ఊర్లో ఎవరూ నన్ను నిలదీయలేదు. నేను మాత్రం తలలు ఎంచడం మానేసి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. హెడ్మాస్టరుగారు అది విని కూడా విననట్టే ఉన్నారు.

ఆ ఇన్స్పెక్టరు అప్పుడొచ్చాడు. పలకలు చూశాడు, ఎక్కాలు అడిగాడు. తర్వాత సరదాకి, "ఈ రూములో పిల్లలెంతమంది ఉన్నారో ఎవరు ఎంచి చెప్తారు?" అన్నాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది. వద్దు సార్ అనబోయేలోపల పెద్దపిల్ల లేచింది.

ముందుగా చెల్లెలి నెత్తిన చేయి పెట్టి, "ఒకటి" అంది. గట్టిగా, కళ్ళు తెరుచుకునే. ఆ తర్వాత ఒక్కొక్క తల ముట్టుకుంటూ వరసంతా నడిచింది. చివర్లో వాకిలి పక్కన ఎవరూ కూర్చోని చోటు ఉంది. అక్కడ ఆగింది. దాని చేయి ఒక బుడ్డ పిల్లవాడి తల ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో, గాలిలో ఆనింది. ఒక అంకె చెప్పింది. ఆ తర్వాత తన గుండె మీద చేయి పెట్టుకుని చివరి అంకె చెప్పి, వచ్చి కూర్చుంది.

ఇన్స్పెక్టరు తాను కూడా వేలితో ఎంచి నవ్వాడు. "ఒకటి ఎక్కువ చెప్పింది. తప్పు కదా టీచర్?"

క్లాసంతా నావంక చూసింది. చెల్లెలు మాత్రం వాకిలివైపు చూస్తోంది.

"సరిగ్గానే చెప్పింది సార్" అన్నాను.

ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఉపాధ్యాయినికే లెక్కింపు సరిగ్గా రాదని రిమార్కు రాసి వెళ్ళాడు. ఆ తర్వాతి ఏడాది పుంగనూరు దగ్గరికి బదిలీ అయింది, ఎనభైల్లో మదనపల్లె చేరాను. లెక్కపెట్టడమే రాదని రిమార్కున్న మనిషిని ఆపైన అన్నేళ్ళు మూడో తరగతికే లెక్కలు చెప్పమన్నారు, అదీ మన డిపార్టుమెంటు తెలివి.

ఇన్స్పెక్టరు వెళ్ళాక పెద్దపిల్లను వాకిట్లోకి పిలిచాను. "అక్కడ ఎవరిని ఎంచావే?" అని మెల్లగా అడిగాను.

"యెవురో నాకు తెలీదు మ్మా" అంది. "చెల్లెలు ఉండాదంటాది. ఇడిసిపెడితే పాపం గదా, అందుకే ఎంచినా."

ఉప్మా వేళయింది. తినడానికి తట్టలు తెచ్చుకోని పిల్లలకు మోదుగాకులు పరిచే పని దానిది. వాళ్ళందరికీ పరిచింది. వాకిలి పక్కన ఒక ఆకు ఎక్కువ పరిచి, నీళ్ళు చల్లి, నావంక చూసింది. నేను గరిటె తీసుకుని ముందు ఆ ఆకులోనే వడ్డించాను.